పక్క సీటు వైపు స్ప్రింగు

బావ టైలరు, బావమరిది మెకానిక్కు, మధ్యలో ఒక పాత కారు. ఇద్దరికీ మాటా మాటా పెరిగితే గసిరి ఆపే మనిషి పోయి ఏడాది దాటింది కాబట్టి, ఆ పొద్దున షెడ్డులో ఎవరి గొంతుకీ అడ్డు లేకపోయింది.

"మూడు చాలంటున్నాను కదరా. మూడు చక్రాల దగ్గర బండిని దించు. నాలుగోది ముట్టుకోకు."

"స్ప్రింగులు మూడు అమ్మరు బావా. నాలుగూ కలిపి సెట్టు."

"అయితే నాలుగోది పక్కన పడెయ్."

"పడేసి? ముందు చక్రాల్లో ఒకదానికి కొత్తది, ఇంకోదానికి ఇరవై ఏళ్ల పాతది ఉంచుతానా? బ్రేకు కొట్టగానే బండి ఒక పక్కకి లాగేస్తుంది. నువ్వు చొక్కాకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి కుడతావా?"

"ఒక భుజం దిగిన మనిషి వస్తే అలాగే కుడతాను. ఆ మనిషికి అదే కొలత."

"బండికి భుజాలుండవు."

"దీనికి ఉన్నాయి. ఇలా రా, చెయ్యి పెట్టి చూడు. నా వైపు టైరుకీ పైన రేకుకీ మధ్య సందు ఎంత? నాలుగు వేళ్లు. పక్క సీటు వైపు మూడే. మీ అక్క కూర్చుని కూర్చుని అటు స్ప్రింగు కుంగింది."

"ఆ మాట అక్క ముందు అని ఉంటే తెలిసేది నీకు. బక్కప్రాణి."

"అన్నాను. ‘నా బరువుకి కాదు, మీరు గుంతలన్నీ వెతుక్కుని మరీ నా వైపే దింపుతారు’ అంది."

"అదీ నిజమే."

"తమ్ముడివి కదా, తను ఏమన్నా నీకు నిజమే."

"సరే, అది వదిలెయ్. అసలు ఈ వయసులో నీకు కారు దించాలని ఎందుకు పుట్టింది? ఆ సరదాలు కుర్రాళ్లవి."

"కుర్రాళ్లలా నేలకి ఆనించమన్నానా? కొంచెం. వాలు కనపడకుండా."

"వాలు పోవాలంటే కుంగినదాన్ని లేపాలి. ఒకరికి నడుం పట్టేసిందని ఇంట్లో అందరూ వంగి నడిచినట్టుంది నీ వరస. మిగతా మూడూ దించడం ఏమిటి? ఎందుకు బావా?"

"రోజూ పొద్దున తలుపుకి తాళం వేస్తానా. వేసి వెనక్కి తిరిగేసరికి బండి ఆ పక్కకి వాలి ఉంటుంది. తను ఎప్పుడూ ముందే వెళ్లి కూర్చునేది కదా. నేను గ్యాసు కట్టేశానా, కుళాయి కట్టేశానా అని చూసి వచ్చేలోపు హారన్ కొట్టేది."

"పక్క సీట్లోంచి చెయ్యి చాపి మరీ."

"ఆఁ. మొన్న తాళం వేస్తూ ‘వస్తున్నా, వస్తున్నా’ అన్నాను. పైకే. పక్కింటాయన విని, ‘ఎవరితో మాస్టారూ?’ అన్నాడు."

"ఏం చెప్పావు?"

"ఫోన్లో అన్నాను. చేతిలో ఫోను లేదు."

"బావా."

"భయం వేస్తోందిరా. ఆ వాలు చూసినప్పుడల్లా. వెళ్లి తలుపు తీయకుండా ఉండలేను. తీస్తే ఖాళీ. రోజూ ఖాళీయే. అయినా రోజూ తీస్తాను."

"అందుకే చెబుతున్నాను, ఆ స్ప్రింగు పీకేద్దాం."

"పీకేస్తే తనది ఇంకేం మిగిలింది? చీరలు మీ చెల్లెళ్లు పంచుకున్నారు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. ఇన్నేళ్లు కూర్చున్న మనిషి ఆ ఇనుములో ఉంది. నువ్వు దాన్ని తుక్కులోకి విసిరేస్తానంటావు."

"ఇనుము బావా అది. వాడితే కుంగుతుంది. అక్క కూర్చున్నా కుంగుతుంది, సిమెంటు బస్తా పెట్టినా కుంగుతుంది."

"మీ అక్కని బస్తా అంటావా?"

"అబ్బ, నాకు మాత్రం బాధ లేదా? నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. కానీ నువ్వు ఈ బండేసుకుని రోజంతా షాపులకి బట్టలు వేస్తూ తిరుగుతావు. అది పక్కకి లాగి నువ్వు ఏ లారీ కిందకో వెళితే? అక్క పోయింది, నిన్నూ పోగొట్టుకోమంటావా?"

"అరవకు."

"అరవడం లేదు."

"పోనీ మూడింటినీ కోసెయ్. ఒక చుట్టు కోస్తే దిగదా? అంచు మడిచి కుట్టినట్టు."

"కోసిన స్ప్రింగు మొండికేస్తుంది. ప్రతి గుంతకీ నడుం విరుగుతుంది. కోతలు వద్దు, నా మాట విను. రెండు అంగుళాలు దించే సెట్టు ఒకటి ఉంది, అది షోకు బళ్లకి. మీ వీధి మలుపులో స్పీడ్ బ్రేకరుకి పొట్ట గీసుకుపోతుంది. ఇంకోటి కొంచెమే, అంగుళం కూడా దిగదు. రోజూ తిరిగే బండికి అదే మంచిది. అది వేస్తే నాలుగు పక్కలా ఎంత ఎత్తుకి వస్తుందో తెలుసా?"

"ఎంత?"

"పక్క సీటు వైపు ఇప్పుడు ఎంతుందో అంత. మూడు వేళ్లు. బండి మొత్తం అక్క కొలతకి వస్తుంది."

"నిజంగానా?"

"నీ కొలతే కదా. లెక్క చూసుకో."

"తన కొలతకి... సరే. అయితే షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచు, నిరుడేగా మార్చావు."

"పొట్టి స్ప్రింగుకి పొడుగు షాకా? గుంతలో పడగానే అడుగు తగిలి చస్తుంది. వాటికి తగ్గవి వేయాలి. గట్టివి కావాలా, మెత్తవా?"

"మెత్తవే వెయ్యి. తనకి నడుం..."

"ఎవరికి బావా?"

"నాకు. నాకు నడుం నొప్పి."

"మరీ మెత్తవైతే పడవలా ఊగుతూనే ఉంటుంది బావా. మధ్యరకం వేస్తాను. గుంతలో ఒక్కసారి ఊగి ఆగాలి."

"తన స్ప్రింగు మాత్రం నాకు ఇచ్చెయ్యాలి."

"ఇస్తాను. ఇంటికి పట్టుకెళ్లి పెట్టుకో."

*

మధ్యాహ్నానికి ముందు చక్రాలు ఊడి, పాత స్ప్రింగులు రెండూ బల్ల మీదకి వచ్చాయి.

"ఇలా ఇవ్వు. మసి అంటితే అంటిందిలే. ఏది తనది?"

"ఇది. సుద్దతో గీత పెట్టాను చూడు."

"ఏరా, అలా చూస్తున్నావేం?"

"రెండూ పక్కపక్కన నిలబెట్టు బావా."

"నిలబెట్టాను. సమానంగానే ఉన్నాయే."

"టేపు పెట్టు."

"పెట్టాను. నూలుపోగంత తేడా లేదు. అంటే, తనది కుంగలేదా?"

"కుంగలేదు."

"మరి బండి ఎందుకు వాలిందిరా?"

"కింద రబ్బరు బుష్షులు పట్టేసి ఉంటాయి. లేదా ఇంకేదో. అన్నీ మారుస్తున్నాగా. నువ్వు వెళ్లి టీ తాగి రా."

"టీ తాగి రమ్మంటున్నావంటే నీకూ తెలియదన్నమాట."

"వెళ్లు బావా."

*

సాయంత్రం ఎండ తలుపు దాకా వచ్చేసరికి కారు జాకీల మీంచి నేల మీదకి దిగింది.

"చూడు. కొత్త స్ప్రింగులు, కొత్త షాకులు, కొత్త బుష్షులు. ఎలా ఉంది?"

"సమానంగా ఉంది."

"అదేగా నీకు కావలసింది?"

"అదే. బాగుంది. ఎవరి బండో అన్నట్టుంది."

"బావా, ఏడవకు."

"ఏడవడం లేదు. వాలు చూస్తే భయం వేసేది. ఇప్పుడు వాలు లేకపోతే అంతకన్నా భయంగా ఉంది. రేపు పొద్దున తాళం వేసి, ‘వస్తున్నా’ అని ఎవరికి చెప్పాలిరా?"

"నాకు ఫోన్ చేసి చెప్పు."

"నీకెందుకురా చెప్పడం."

"సరే, చెప్పకు. ఆ బానెట్టు గట్టిగా నొక్కి వదులు. స్ప్రింగులు తమ చోట్లలో కుదురుకోవాలి. ఆఁ, ఇంకోసారి. ఊగి ఆగింది చూశావా? ఇప్పుడు నీ వైపు కొలువు."

"మూడు వేళ్లు."

"నేను ఇటు చూస్తాను."

"ఎంత?"

"ఉండు."

"ఎంతరా?"

"రెండు."

"నీ వేళ్లు లావు. తప్పుకో, నేను చూస్తాను... రెండే. ఇందాక సమానంగా ఉంది కదరా? నా కళ్లతో చూశాను."

"టైర్లో గాలి దిగిందేమో. లేదు, గాలి సరిగ్గానే ఉంది. నేల వాలు అయి ఉంటుంది. తిప్పి నిలబెడదాం, పట్టు."

"తిప్పాం. ఇప్పుడు?"

"అదే వైపు."

"అంటే నేల కాదు."

"తయారీలోనే తేడా ఉండొచ్చు. అటుది ఇటు, ఇటుది అటు మార్చి వేస్తాను. నువ్వు దూరంగా నిలబడు."

మార్చి వేశాడు. మళ్లీ దించాడు. బానెట్టు నొక్కి వదిలి, ఆ వైపు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"చెప్పరా."

"అదే వైపు బావా."

"ఎంత?"

"అంతే. అటూ ఇటూ లేదు."

"నీకు చెమటలు పడుతున్నాయేం?"

"ఉక్క."

"పొద్దున ఇనుము అన్నావు."

"అన్నాను."

"సిమెంటు బస్తా అన్నావు."

"దణ్ణం పెడతాను బావా, గట్టిగా అనకు."

"నాకు ఇప్పుడు భయం వేయడం లేదురా. ఎందుకో తెలియదు. ఇంటికి వెళ్లాలని ఉంది, అంతే. తాళాలు ఇవ్వు."

"బ్రేకు లాగుతుందేమో చూడకుండా ఇవ్వను. ఒక చుట్టు తిప్పి చూద్దాం. నువ్వే నడుపు, నేను కూడా వస్తాను."

"అయితే ఎక్కు. ఏరా, ముందు తలుపు తీసి అలా నిలబడ్డావేం? అయ్యో, మళ్లీ మూసేశావేం?"

"నేను వెనక కూర్చుంటాలే బావా. ఇప్పుడు అక్కని లేపడం ఎందుకు?"