ఎగ్జాంపుల్ గారెలు

కౌస్తుభ్ రాసిన కాగితాన్ని నమ్మి నట్టేట మునిగానని కర్రీ పాయింట్ వీరభద్రరావు మూడు రోజులుగా కాపెల్ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఆర్డర్లు తీసుకునే ఏఐ ఏజెంటుకి డెలివరీ డ్రైవరుతో కనెక్షన్ కుదిరిందో లేదో పరీక్షించే టూలు ఆ కుర్రాడిదే, దాన్ని ఎలా వాడాలో రాసిందీ వాడే. ఇవాళ వాడే నవ్వుకుంటూ షాపులోకి వచ్చాడు.

“అంకుల్, టెస్ట్ చేశారా?”

“చేశాను. నువ్వు రాసింది ఓసారి పైకి చదువు.”

“‘కింది ఎగ్జాంపుల్‌ని ఉన్నది ఉన్నట్టు కాపీ చేయండి. గ్రీన్ టిక్ వచ్చేదాకా నొక్కండి.’”

“ఏమిటా ఎగ్జాంపుల్?”

“‘ఇరవై ఐదు గారెలు.’ కింద మా అపార్ట్‌మెంట్ అడ్రస్. అయ్యో అంకుల్, అది మార్చాలి కదా!”

“ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. రాసింది రాసినట్టు చేస్తాను. నీ అంత చదువుకునుంటే అనుమానం వచ్చేది.”

“ఎన్నిసార్లు నొక్కారు?”

“ఎనిమిది. విద్యమ్మ గారి ఫంక్షన్‌కని వేయించిన గారెలన్నీ డ్రైవరు మోసుకుపోయాడు. ఆవిడ మళ్ళీ నా ఫోన్ ఎత్తితే ఒట్టు.”

“ఓ మై గాడ్! అవి మీవా? మా ఆఫీసు మేనేజర్ పంపాడనుకున్నాం!”

“తిన్నారా?”

“సూపర్ అంకుల్. చట్నీ మాత్రం రాలేదు.”

“నీ ఎగ్జాంపుల్‌లో చట్నీ ఉందేమిట్రా?”

“లేదు. కానీ కనెక్షన్ పర్ఫెక్ట్ కదా! ఇప్పుడే ఒక లైన్ యాడ్ చేస్తా: ‘టెస్ట్ చేసినా ఆర్డర్ నిజంగానే వెళ్తుంది.’”

“రాయి నాయనా. పక్కనే ఆ లైను ఖరీదు కూడా రాయి. రెండు వందల గారెలు, గారె డాలరున్నర, మొత్తం మూడు వందల డాలర్లు.”