నంబరు పలక

ఈ కారు అప్పట్లో చవగ్గా దొరికింది కాబట్టే కదా, క్యాంటీన్‌లో వంట చేసే తను కొనగలిగింది, అనుకుంటూ చిజురు షెడ్డులోకి వచ్చింది. అక్కడ ఆమె భర్త ఆ పాత ఎర్ర స్పోర్ట్స్ కారు ముందు కూర్చుని నంబరు పలక విప్పుతున్నాడు.

“ఏం చేస్తున్నావు?”

“పలకలు రవాణా ఆఫీసులో ఇచ్చేస్తా, ఇక కారు రోడ్డెక్కదు. పన్నూ ఉండదు, తనిఖీ ఉండదు. తిప్పకుండా దాస్తే ఇలాంటి పాత కారుకు ఏటేటా ధర పెరుగుతుందట.”

“ఎవరి కారు?”

“నీదే, కాదన్నానా? ఇప్పుడిది బంగారం, చిజురూ.”

“నాకు బంగారం వద్దయ్యా, కారు కావాలి. ‘ఈ అగ్గిపెట్టెలో ఎలా పడతాను’ అని నువ్వే ఏడ్చేవాడివి. ఇవాళ దుప్పటి కప్పి దణ్ణం పెడతావా?”

“యాభై ఎనిమిదేళ్లొచ్చాయి నీకు. ఇంకా పైకప్పు దించి హరునా కొండ మలుపుల్లో తిరుగుతావా?”

“ఓహో, అసలు మాట అదా! నన్నూ షెడ్డులో పెట్టేస్తావా?”

“జనం నవ్వుతున్నారు.”

“నవ్వనీ!”

అంది గానీ, ఆ నవ్వుకు జడిసే తను మూడు నెలలుగా బస్సెక్కుతోందని అప్పుడే తట్టింది. దాంతో కోపం రెట్టింపైంది. అతని చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కుని, మోకాళ్ల మీద కూర్చుని, పలకను మళ్లీ బిగించింది.