పేరున్న ఒక్క చోటు

1999. ఆత్మకూరు బస్టాండు వెనక కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్లో, గంటసేపు కంప్యూటర్ ముందు కూర్చున్న తెలుగు మాస్టారు, సెంటరు నడిపే తన పాత విద్యార్థినిని దగ్గరికి పిలిచారు.

"అమ్మా, నేను చూసినవన్నీ ఇందులో మిగిలిపోతాయంట గదా. తుడిచేయి. మా హెడ్మాస్టరు బయట కూర్చోనుండాడు. నా తర్వాత ఆయనే."

"అట్టాంటివేం చూసినారు సార్?"

"నువ్వనుకునేవి గాదులే. అవైతే ఇంత సిగ్గుండదు. ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు కొట్టి వెతికినాను."

"మీ పేరా?"

"పద్యాల పుస్తకం అచ్చేయించినోణ్ణి గదా, లోకమంతా నాకోసం కాచుకోనుంటాదనుకున్నా. వట్టి పేరు కొడితే రాలేదు. ఇంటిపేరు కలిపినా రాలేదు. ఆఖరికి మా ఊరి పేరు కలిపి ఉదయగిరి మహాకవి అని కూడా కొట్టినాను."

"అప్పుడన్నా వచ్చినాదా సార్?"

"నవ్వబాకు. అట్టాంటోడు ఎవడూ లేడనింది."

"సరే, తుడిచేస్తా. ఇదిగో, మీరు వెతికిన ఈ వరసంతా మీ పేరే సార్. ఈ కంప్యూటర్లో మీ పేరుండేది ఈడొక్కచోటే."

"ఆగు. తుడవబాకు."

"మరి హెడ్మాస్టరు గారు?"

"ఆయన్ని ఈ కుర్చీలోనే కూర్చోబెట్టు."