ఆకుపచ్చ బిళ్ల లేని మనిషి

వర్జీనియాలో పాత ప్రెసిడెంట్ల ఇళ్లు చూపించే టూరు బస్సు. ముందు సీట్లో ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నవాడు గైడు రాండల్ పికెట్. బస్సు తోలేది మార్విన్. ఫోనులో అవతల ఉన్నది గైడుగారి ధర్మపత్ని గ్లెండా. న్యాయంగా అయితే ఆమె కూడా ఈ బస్సులోనే ఉండాలి.

"...అదేంటి గ్లెండా, వెనక సీట్లో కూర్చుని ఫోను చేస్తావేంటి? లేచి ముందుకి రావచ్చుగా."

"వెనక సీట్లో లేను రాండల్."

"మధ్యకొచ్చావా? ఇండియానా నుంచి వచ్చిన ఆవిడ పక్కన మాత్రం కూర్చోకు. మోకాలి ఆపరేషన్ మొదలుపెట్టిందంటే సాయంత్రం దాకా వదలదు."

"నేను అసలు బస్సులో లేను."

"బస్సులో లేవా."

"లేను. పొద్దున చూపించావే ప్రెసిడెంటుగారి ఇల్లు, దాని వెనక వరండాలో ఉన్నాను. ఇక్కడో ఊగుడు కుర్చీ ఉంది. ఎవరూ కూర్చోకూడదని తాడు కట్టారు. తాడు తీసి కూర్చున్నాను."

"తాడు తీసి... గ్లెండా, అది ఆయన కుర్చీ."

"ఆయన ఇప్పుడు రాడులే."

"ఉండు, ఒక్క నిమిషం ఉండు. మార్విన్, కాస్త మెల్లగా పోనియ్."

"ఏంటి గురూ, ఏమైంది?"

"ఏం లేదు మార్విన్. మా ఆవిడని మర్చిపోయి వచ్చేశాం."

"మధ్యలో నన్నెందుకు కలుపుతావు? లెక్కపెట్టేది నువ్వు. నువ్వు చెయ్యి ఊపితే తలుపెయ్యడం ఒక్కటే నా పని. అక్కయ్యని మర్చిపోయావా? ఎలా మర్చిపోతావు గురూ, అంత మనిషిని?"

"నేను వింటున్నాను, మార్విన్‌కి చెప్పు. అంత మనిషినట."

"లావని కాదట గ్లెండా, గొప్పదానివని. ఇదిగో, నేను చెప్పేది విను. లెక్క సరిపోయింది. ఒట్టు. ఒకటికి రెండుసార్లు పెట్టాను."

"సరిపోకేం. నా మెడలో బిళ్ల లేదుగా."

"అదే నేనూ చెప్పబోయేది. టికెట్ కొన్నవాళ్లకే ఆకుపచ్చ బిళ్ల. గైడు పెళ్లాన్ని ఖాళీ సీటుంటే ఎక్కించుకోవచ్చు గానీ లెక్కలోకి రాదు. అది కంపెనీ పద్ధతి, నాది కాదు. ఇన్నేళ్లుగా బిళ్లలే చూసి చూసి, వాటి పైన మొహాలుంటాయన్న సంగతి మర్చిపోయాను. రేపు నా మెడలో బిళ్ల లేకపోతే అద్దంలో నన్ను నేనే గుర్తుపట్టను."

"జోకు బావుంది. బస్సులో వాళ్లకి చెప్పు, నవ్వుతారు."

"నువ్వు నవ్వలేదా?"

"గంట నుంచి ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను రాండల్. ఇప్పుడు చేస్తాడు, ఇప్పుడు చేస్తాడు అని. చివరికి నేనే చెయ్యాల్సొచ్చింది."

"అది... నేను మైకులో మాట్లాడుతున్నాను గ్లెండా. యుద్ధం ఘట్టం నడుస్తోంది. మధ్యలో ఆపితే ఎవరు గెలిచారో వీళ్లకి తెలియదు."

"నా తిండి సంచీ కూడా బస్సులోనే ఉంది. పందిమాంసం ముక్కలు పెట్టిన రొట్టెలు."

"రొట్టెలు క్షేమంగానే ఉన్నాయి."

"గురూ, అబద్ధమెందుకు? చెరో రెండూ తినేశాం కదా."

"మార్విన్, నువ్వు రోడ్డు చూడు."

"అంటే పెళ్లాం గుర్తు రాలేదు, పెళ్లాం చేసిన రొట్టెలు గుర్తొచ్చాయి. బావుంది."

"ఒక టాక్సీ పంపిస్తాను గ్లెండా. సాయంత్రం హోటల్లో కలుద్దాం. తర్వాతి ఇంట్లో మన గుంపుకి వేళ ఇచ్చేశారు. ఆలస్యమైతే గేటు మూస్తారు. అది మూస్తే ఈ జనం ఊరుకోరు, మా యజమాని అసలే ఊరుకోడు. ఇది నా ఆఖరి టూరు. కేకు చేయించాడట, దాని మీద నా పేరు కూడా తప్పు లేకుండా రాయించాడట. కనీసం ఆ కేకు తినేదాకా మంచివాడిగా ఉండనియ్."

"టాక్సీ వద్దు."

"మరేం చేస్తావు అక్కడ?"

"చూస్తున్నాను. నువ్వు వెళ్లాక ఇంకో బస్సు వచ్చింది. దాని గైడు చిన్నపిల్ల, నిండా పాతికేళ్లుండవు. ఆ పిల్ల వెంట ఇల్లంతా ఇంకోసారి తిరిగాను."

"ఎర్ర జుట్టు పిల్లేనా? తేదీలు బాగా చెప్తుంది. తేదీలు తప్ప ఇంకేం చెప్పదు."

"నువ్వు చెప్పిన కథ చెప్పలేదు."

"ఏ కథ?"

"బండి కథ. ప్రెసిడెంటుగారు రాజధానికి బయల్దేరి, సగం దారిలో పెళ్లానికి వెళ్లొస్తానని చెప్పలేదని గుర్తొచ్చి, వానలో గుర్రబ్బండి వెనక్కి తిప్పించాడని. నువ్వు ఆ మెట్ల మీద నిలబడి గొంతు తగ్గించి చెప్పావు చూడు, పొద్దున నా పక్కావిడ నా జేబురుమాలే తీసుకుని ముక్కు తుడుచుకుంది. ఆ పిల్లనడిగాను, బండి సంగతి చెప్పవేం అని. అలాంటిదేమీ ఎక్కడా లేదమ్మా, ఆ కథ ఒకాయన మాత్రమే చెప్తాడు, మేమంతా ఆయన్ని బండాయన అంటాం అంది."

"బండాయన అంటారా నన్ను?"

"నిజమేనా? నువ్వు కల్పించావా?"

"...ఒకరోజు వాన పడుతోంది గ్లెండా. గుంపంతా ఆవులిస్తున్నారు. ఒకాయన నిలబడే నిద్రపోతున్నాడు. ఏదో ఒకటి చెప్పి లేపాలి. బయట వాన ఉంది కాబట్టి కథలోనూ వాన పెట్టాను. ఒకామె కళ్లు తుడుచుకుంది. మర్నాడు మళ్లీ చెప్పాను. మెల్లమెల్లగా దానికి కొమ్మలూ రెమ్మలూ వచ్చాయి. ఇప్పుడు నాకే నమ్మకం. ఆయనకి పెళ్లాం మీద అంత ప్రేమ ఉందో లేదో నాకేం తెలుసు? ఆయన పుస్తకాల్లో ఎక్కువగా ఎరువుల గురించి రాసుకున్నాడు."

"పొద్దున నేనూ ఏడ్చాను రాండల్. ఎవరి పెళ్లాం కోసమో. ఏనాడో పోయినదాని కోసం. ఈయనకి ఇలాంటి మాటలు వచ్చా, ఇన్నాళ్లూ ఇంట్లో ఎందుకు దాచుకున్నాడు అనుకున్నాను."

"గ్లెండా..."

"ప్రతి ప్రెసిడెంటు పెళ్లానికీ ఏ కూర ఇష్టమో, ఏ జబ్బు చేసిందో, ఏ గదిలో పోయిందో నీకు నోటికి వచ్చు. పోయిన శీతాకాలం నాకు చేసిన ఆపరేషన్ ఏ కంటికో చెప్పు."

"ఎడమ."

"కుడి."

"నాకు ఎదురుగా నిలబడితే ఎడమే కదా."

"ఇదే. ఇదే నేను చెప్పేది. ఏదడిగినా ఒక జోకు నా చేతిలో పెట్టి పంపించేస్తావు."

"సరే. జోకులు మానేశాను. చెప్పు."

"నార్మా నన్ను వాళ్ల ఊరు సవానా వచ్చెయ్యమంటోంది. మా అక్క సంగతి నీకు తెలుసుగా, బావ పోయాక ఒక్కతే ఉంటోంది. మేడ మీద గది ఖాళీ చేసి రంగు కూడా వేయించింది. చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికి. ఇవాళ నా మాట కోసం చూస్తోంది. నేను రాకపోతే ఎవరో పియానో టీచరుకి అద్దెకిచ్చేస్తుందట."

"...నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. ఇన్నేళ్లూ నువ్వు టూర్ల మీద తిరుగుతుంటే, వసంతం నుంచి ఆకులు రాలేదాకా ఒక్కదాన్నే ఉన్నాను. అలవాటైపోయింది, బాధ లేదు. ఇప్పుడు నువ్వు పని మానేసి ఇంటికొస్తావు. రోజంతా ఇద్దరం ఎదురెదురుగా కూర్చోవాలి. నాకు భయమేసింది రాండల్. ఇంట్లోనూ నాకు టూరు చూపిస్తావేమోనని. అందుకే ఈ ఒక్కసారి నన్నూ తీసుకెళ్లమన్నాను. నీతో నాలుగు రోజులు తిరిగి చూసి, అప్పుడు చెప్దామని."

"చూశావా మరి?"

"చూశాను. వరండాలో కూర్చుని ఉన్నాను."

"మార్విన్."

"వింటున్నాను గురూ. వినకూడదనే అనుకున్నాను గానీ, నువ్వు పక్కనే కూర్చున్నావు, ఏం చెయ్యను?"

"బస్సు తిప్పు."

"తర్వాతి ఇల్లు?"

"తిప్పు మార్విన్."

"యజమాని నీ కేకు కుక్కకి పెట్టేస్తాడు."

"పెట్టనియ్. గ్లెండా, ఫోను పెట్టెయ్యకు. వీళ్లకి ఒక మాట చెప్పాలి, నువ్వూ విను. అయ్యా, అమ్మా, మీ గైడుని మాట్లాడుతున్నాను. అందరూ ఒకసారి కుడివైపు చూడండి. కుడివైపు ఏమీ లేదు, పాత పొగాకు కొట్టం. నా మొహం చూడకుండా ఉంటారని అలా అన్నాను. ఈ బస్సులో ఇన్నేళ్లలో నేను గొడుగులు పోగొట్టాను, కళ్లజోళ్లు పోగొట్టాను, ఒక పెద్దాయన పళ్లసెట్టు పోగొట్టాను. అన్నీ వెతికి తెచ్చిచ్చాను. ఇవాళ నా భార్యని వదిలేసి వచ్చాను. చిన్న ఇల్లే, మీరూ చూశారు, అందులో పిల్లి కూడా తప్పిపోదు. ఇప్పుడు వెనక్కి వెళ్తున్నాం. మీ తర్వాతి ఇల్లు పోతుంది. డబ్బు వెనక్కి అడగాలంటే అడగండి, తిట్టాలంటే నన్ను తిట్టండి, మార్విన్‌ని ఏమీ అనకండి. ఇంకో మాట. పొద్దున మెట్ల మీద చెప్పిన గుర్రబ్బండి కథ ఉత్తదే. నేనే అల్లాను. ఏడ్చినవాళ్లు నన్ను క్షమించాలి."

"...ఏమంటున్నారు రాండల్? చప్పుడేంటి?"

"ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొడుతున్నారు, ఎందుకో నాకూ తెలియదు. ఇండియానా ఆవిడ లేచి నిలబడి, ఆ తర్వాతి ప్రెసిడెంటు పోయి ఎన్నో ఏళ్లయింది, ఇంకో రోజు ఆగలేడా, ముందు ఆ పిల్లని ఎక్కించుకురండి అంది. నిన్ను పిల్ల అంది గ్లెండా."

"ఆవిడ మోకాలి కథ నేను వింటాలే."

"గురూ, వంతెన దాటాం. అక్కయ్యకి చెప్పు, గంటలోపే అక్కడుంటాం."

"విన్నావా? వచ్చేస్తున్నాం. ముందు ఆ కుర్చీలోంచి లే, తాడు ఎలా ఉందో అలా కట్టెయ్."

"రావద్దనాలని ఉంది రాండల్."

"ఎందుకు?"

"వస్తే ఒకటి చెప్పాలి. చెప్తే, ఇంతమందిని ఉత్తపుణ్యానికి వెనక్కి లాక్కొచ్చానని అంటావు."

"అనను."

"నేను ఏ గదిలోనూ తప్పిపోలేదు. నువ్వు బస్సు దగ్గర నిలబడి లెక్కపెడుతుంటే గేటు పక్కన పచ్చ పొదల వెనకే ఉన్నాను. పిలిస్తే నీకు వినబడేది. పిలవలేదు. నేను లేకపోతే నీకు తెలుస్తుందో లేదో చూద్దామనుకున్నాను. ఈ వయసులో దాగుడుమూతలు. కూర్చుంటే మళ్లీ లేవలేనని నడుం వంచి కూడా దాక్కోలేదు, ఊరికే అలా నిలబడ్డాను. నువ్వు లెక్కపెట్టుకున్నావు, తలుపు పడింది, బస్సు వెళ్లిపోయింది. సరే, తెలిసింది కదా అనుకున్నాను."

"మార్విన్, ఇది నువ్వు వినకు."

"తిట్టు, ఫరవాలేదు."

"తిట్టను."

"ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉంటుందిగా నీ దగ్గర."

"నిన్న సాయంత్రం హోటల్లో నువ్వు స్నానాల గదిలోంచి నార్మాతో మాట్లాడావు. రేపు ప్రెసిడెంటుగారి ఇల్లు చూశాక ఆయనతో చెప్పేస్తాను అన్నావు. అక్కడ తలుపులు పల్చన. విన్నాను."

"విన్నావా? విని కూడా పొద్దున అంత హుషారుగా..."

"హుషారు నా ఉద్యోగం. రాత్రంతా అదే ఆలోచన గ్లెండా. నువ్వు వెళ్తానంటే ఏం చెయ్యాలి. వద్దనడానికి నాకేం హక్కుంది. ఇంట్లో నువ్వు లేకపోతే నాకు పంచదార ఏ డబ్బాలో ఉంటుందో కూడా తెలియదు, అది కాదు నా బాధ. నువ్వు లేని ఇంటికి వెళ్లాలంటేనే భయం. ఆ మాట నీ నోటివెంట వినే ధైర్యం లేదు నాకు. ఇప్పుడు వచ్చిందని కాదు. అయినా వస్తున్నాను. వెళ్లొద్దని అడగడానికే వస్తున్నాను."

"అడుగుదువుగాని. కానీ నేను పొదల వెనక దాక్కోవడానికీ దీనికీ ఏంటి సంబంధం? నీకు నేను కనబడలేదుగా. బిళ్ల లేదనేగా వదిలేసి వెళ్లావు?"

"నీ పసుపు టోపీ ఆ పొదల కంటే ఎత్తుగా ఉంది గ్లెండా. నిన్ను చూసిన తర్వాతే మార్విన్‌కి చెయ్యి ఊపాను."