ఏకాదశి తెల్లారి పులిహోర

"అవ్వా, మనది చర్చికి పోయే ఇల్లు గదా. తొలి ఏకాదశి తెల్లారి మనింట్ల పులిహోర ఎందుకు చేస్తవు?"

గురువారం బిడ్డా. సాయంత్రం ఆరున్నర. బోధన్ల క్లబ్బు గంట కొట్టిండ్రు... ఊహూఁ, గక్కడికెల్లి చెప్తే నీకు సమజ్ గాదు. కూసో. గా చింతపండు గిన్నె ఇటియ్యి, పిసుక్కుంట చెప్త.

మీ తాత మిషన్ బడిల సారు గదా. సెలవు దొరికితే సైకిలేసుకొని మోస్రా దిక్కు ఊర్లు తిరిగేటోడు. కండ్లకు పొరలొచ్చిన ముసలోళ్లను చెయ్యి పట్టుకొని బస్సెక్కించి, ఆపరేషన్లకు తోలుకొచ్చేటోడు. గది జూసి కండ్ల డాక్టర్ సాబ్, "సారూ, నువ్వు మా క్లబ్బుల ఉండాలె" అని తీస్కపోయిండు. క్లబ్బంటే పేకాటది అనుకునేవు, గాదు. నలుగురు కూడి ఊరికి ఉపకారం చేసేది. చెరుకు పటేండ్లు, ఫ్యాక్టరీ ఇంజనీర్లు, బట్టల దుకాణం ఖాదర్ భాయ్, అందరు పెద్దపెద్దోళ్లు. మన వాడకెల్లి గందుల అడుగుపెట్టింది మీ తాతనే మొదలు.

వారం వారం గురువారం నాడు కూడేటోళ్లు. గక్కడ ఒక రూలుండె. గంట కొట్టినంక లోపట పటేలు లేడు, దొర లేడు, సాబు లేడు. అందరు అన్నలే. ఎవలన్న నోరు జారి "పటేలా" అన్నరనుకో, లేచి నిలవడి పాట పాడాలె. మీ తాతదేమో చిన్నప్పటికెల్లి అలవాటైన నోరాయె. వారానికొక్కసారన్న జారేది. ఇంకేం పాటలొస్తయి ఆయనకు, చర్చి పాటనే ఎత్తుకునేటోడు. "సారన్న కావాలెననే జారుతున్నడు, పాడే షోకు" అని ఖాదర్ భాయ్ అనేటోడట. ఇంటికొచ్చి నవ్వుకుంట చెప్పేటోడు. గురువారమొస్తే బడికెల్లి రాంగనే ఇస్త్రీ అంగీ ఏదని అడుగుడు. గంత పాణం గా క్లబ్బంటే.

అన్నం మాత్రం వంతులు. వారానికొక ఇంటోళ్లు వండుకొని పోవాలె, గా దినం ఆడోళ్లు గూడ పోవాలె. నా వంతు ఎనుకటి వారం, కాదు కాదు, వచ్చే వారం ఉండె. డాక్టరమ్మకు జ్వరమొచ్చింది. "సారూ, ఈ వారం మా వంతు నువ్వు చెయ్యి" అని డాక్టర్ సాబ్ అడిగితే, మీ తాత సంబురంగ ఒప్పుకొని వచ్చిండు. మనింట్ల గోడకుండేది చర్చి క్యాలెండరు. గందుల పండుగలు వేరే. డాక్టరమ్మయితే సాబుదాన, గదే సగ్గుబియ్యం కిచిడి వండుతుండె, ఆమెకు దినమెరుక. నాకేమెరుక?

కోడిని కోసి వండితే తినేటోళ్లు తింటరు, తిననోళ్లు తినరని మాంసం జోలికే పోలే. పులిహోర, గారెలు, సేమియా పాయసం. తానం చేసి, మోకాళ్లేసి ప్రార్థన చేసినంకనే పొయ్యి ముట్టించిన. "యేసయ్యా, నా చేతి ముద్ద ఎవలూ కాదనకుండ సూడు" అన్న. గంతే అడిగిన.

ఎందుకంటవా... మా అమ్మ, లచ్చవ్వ, కైకిలి, గదే కూలి పని చేసుకునేది. క్రిస్మస్‌కు గారెలు చేసి, తాను పనిచేసే ఇండ్లకు తీస్కపోయేది. నేను కొంగు పట్టుకొని ఎనుక పోయేదాన్ని. వాకిట్ల నిలవడితే, "ఇయ్యాల మాకు ఒక్కపొద్దు లచ్చవ్వా, నీ పిల్లలకు పెట్టుకో" అనేటోళ్లు. ఒక్కపొద్దంటే ఉపాసం బిడ్డా. ఏ ఏడు పోయినా గంతే. క్రిస్మస్ నాడు గా ఇండ్లల్ల అందరికి ఒక్కపొద్దే. మా అమ్మ నవ్వుకుంట మర్లొచ్చేది. గా నవ్వు నాకు ఇప్పటికీ యాదికొస్తది.

సరే. గిన్నెలన్ని రిక్షల పెట్టుకొని పోయినం. రెండు రూపాలు తీసుకున్నడు రిక్షాయన, అప్పుడు రెండు రూపాలకు... పోనియ్యి. గంటాయె, మాటలాయె, వడ్డించబోయిన. ఖాదర్ భాయ్ పెట్టించుకున్నడు, ఇంకో ముగ్గురు పెట్టించుకున్నరు. ప్రెసిడెంటు విఠల్రావు పటేల్ రెండు చేతులు జోడించి, "ఇయ్యాల ఒద్దమ్మా" అన్నడు. ఆయన ఇంటామె రుక్మిణక్క అరటిపండు ఒలుచుకుంట, "ఒక్కపొద్దు చెల్లె" అన్నది.

గా మాటనే! అచ్చం గదే మాట!

తక్కినోళ్లు గూడ గట్లనే అన్నరు. చేతుల గంటె గట్లనే పట్టుకొని నిలవడ్డ. ఖాదర్ భాయ్ నా మొఖం జూసిండేమో, "భాభీ, వీళ్ల పాలు గూడ నాకే పెట్టు" అని మళ్లోసారి పెట్టించుకున్నడు. పాపం, తినలేక తిన్నడు.

ఇంటికొచ్చినంక మీ తాత, "సుగుణా, ఇయ్యాల తొలి ఏకాదశట. మనమే సూసుకోలే" అన్నడు.

"మా అమ్మకు గూడ గట్లనే చెప్పేటోళ్లు" అన్న. "వచ్చే గురువారం నుంచి నువ్వు పోకు."

అప్పటిదాక ఆయనను పో అనలే, వద్దనలే. గదే మొదలు. మీ తాత అంగీ గుండీలు ఇప్పుకున్నడు. సిన్నగ, "గట్లనే తియ్యి" అన్నడు. గా మాటకు నాకు ఇంక ఏడుపొచ్చింది.

తెల్లారి ఆరు గాలే. ముసురు ఇడిసింది, వాకిలి ఊకుతున్న. జీపు వచ్చి ఆగింది. రుక్మిణక్క దిగింది. తానం చేసిన తల ఇంక ఆరనే లేదు, నొసట బొట్టు పచ్చిగనే ఉన్నది. ఎనుక పటేల్, స్కూటర్ మీద డాక్టర్ సాబ్.

"చెల్లె, ద్వాదశి తెల్లారంగనే ఒక్కపొద్దు ఇడవాలె. నిన్నటికెల్లి గింత అరటిపండు మీద ఉన్న. ఏదీ, పెట్టు."

"అక్కా, జరసేపు కూసో, పొయ్యి ముట్టిస్త, వేడిగ వండుత."

"నిన్న వండింది నాకోసం గాదా? పులిహోర ఒక్క రాత్రికి చెడిపోతదా, ఇంక మంచిగ ఊరుతది. గదే పెట్టు."

చెప్పులిడిసి, ఎవ్వలిని అడగకుండ సీదా పొయ్యి కాడికి వచ్చింది. పీట గుంజుకొని కూసున్నది, రాత్రి పులిహోరనే పెట్టిన. కార్తీకంల పండరిపురం దేవుని కాడికి నడిచి పోయే మనిషి బిడ్డా ఆమె. మా పొయ్యి కాడ.

పటేల్ ఇంక గుమ్మంలనే ఉన్నడు. నాకు చేతులాడలే, "లోపటికి రాండ్రి పటేలా" అన్న.

"అగో! జారింది నోరు!" అన్నది రుక్మిణక్క. "పాట పాడాలె!"

"సారన్న ఇంట్ల అందరి నోరు గింతేనా?" అన్నడు డాక్టర్ సాబ్. మీ తాత ఊకుంటడా, చెంచ తీసి చెంబు మీద టంగున కొట్టిండు. ఇగ మీటింగే.

నేను చర్చిల గూడ ఎనుక వరుసల నిలవడి పెదవులు కదిపేదాన్ని. పాడిన బిడ్డా. అన్నం ముందట పాడుకునే చిన్న పాట, కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని పాడిన. సగంల నేను ఆగితే మీ తాత అందుకున్నడు. రుక్మిణక్క చేతుల ముద్ద చేతులనే ఉన్నది. దినమంత ఆకలి మీదున్న మనిషి, పాట అయ్యేదాక నోట్ల పెట్టుకోలే. ఆమె తిన్నంక "ఉప్పు జర తక్కువైంది" అన్నది. గా మాటతోటి నా పాణం కుదుటపడ్డది సూడు. పరాయోళ్లు గట్ల అంటరా?

వాళ్లు పోయేటప్పటికి గిన్నె నాకినట్టే అయింది. మీ నాయన లేచి బడికి తయారై, "నాకేదే అమ్మా?" అని ఏడుపెత్తుకున్నడు. మీ తాత వాని సంచి పక్కకు పెట్టి, వచ్చే గురువారానికి తన ఇస్త్రీ అంగీ తానే దండెం మీద ఏసుకున్నడు. నేను మళ్ల చింతపండు నానబెట్టిన, గప్పటికెల్లి ఏ ఏడూ ఏకాదశి తెల్లారి తప్పలే.

నీ చేతి ముద్ద గూడ ఎవలూ కాదనకుండ ఉండాలె బిడ్డా... ఆఁ, బియ్యం ఇంకో సోలెడు పొయ్యి. ఎవలన్న వస్తరు.