జెర్నా ఊట దగ్గర ఫెర్న్

ట్యూనిస్‌లో, ఎండిన మొక్కల్ని అట్టలకు అంటించి భద్రపరిచే గది. అక్కడ పరిశోధన చేస్తున్న విదాద్, కొండ మీది ఊరి నుంచి పొద్దున్నే వచ్చిన ఆమె తండ్రి బెల్గాసెమ్.

"తాకకు నాన్నా! పురుగు పట్టకుండా దానికి పాదరసం మందు పూశారు. విషం!"

"బతికున్నప్పుడు మేకలు మేశాయి, చచ్చాక విషం పెట్టారా పాపం దీనికి?"

"మీ తాత కాలంలో మన జెర్నా ఊట దగ్గర కోసిన ఫెర్న్ ఇది. ముందు చెయ్యి తియ్యి."

"తీశాలేవే. మీ అమ్మ రొట్టెలు పంపింది, తిను. మొహం చూడు, ఎండిన అంజూరంలా..."

"ఆకలి లేదు."

"రేపు మన ఊట సంగతి తేల్చే కమిటీ ముందు నిలబడి మాట్లాడాలి కదా. ఊరు ఊరంతా వస్తానంటోంది. బండిలో చోటు కోసం అప్పుడే కొట్టుకుంటున్నారు. ఆ ఫెర్న్ అక్కడ తరతరాలుగా దానంతటదే పెరుగుతోందని నువ్వు రుజువు చేస్తే, చట్టప్రకారం నీళ్ల కంపెనీవాడు మన ఊటలో గొట్టం దించడానికి వీల్లేదు. అంతేనా?"

"అంతే."

"మరి, రుజువైందా?"

"టీ తాగుతావా నాన్నా?"

"నేనేం అడిగాను, నువ్వేం చెప్తున్నావు?"

"ఈ పాత ఆకులోంచి గోరంత ముక్క కోశాను. కోయనివ్వమని ఎందరి కాళ్లావేళ్లా పడ్డానో! ఊట దగ్గర ఇప్పుడున్న మొక్కలోంచి ఇంకో ముక్క. రెండింటి జన్యువులూ పక్కపక్కన పెట్టి చూశాను."

"ఊఁ?"

"కలవలేదు."

"కలవకపోవడమేంటి? మళ్లీ చూడు."

"చూశాను. మళ్లీ మళ్లీ చూశాను. పాతదాని వంశం వేరు, ఇప్పుడున్నవాటి వంశం వేరు. ఇప్పుడున్నవి తబర్కా నర్సరీలో అమ్మే కుండీ మొక్కలతో అచ్చంగా సరిపోయాయి. ఎవరో తెచ్చి నాటారు."

"పాత ఆకు కదా. విషం కూడా పూశారంటివి. చెడిపోయి ఉంటుంది."

"చెడిపోలేదు."

"చెడిపోయిందని చెప్పవే! ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఇటు చూడు నాన్నా. ఎవరు నాటారు?"

"ఈ ఊళ్లో ఎండ మరీ ఎక్కువ..."

"నాన్నా! ఊట కాపలా నీది. నీకు తెలియకుండా అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు."

"నేనే నాటాను. సరేనా? నేనే. ఇక రొట్టె తిను."

"నువ్వా? అయ్యో, ఎందుకు నాన్నా? పాతవి ఏమయ్యాయి? మేకలు తిన్నాయా?"

"మేకలు కాదు."

"కంపెనీవాళ్లు పీకించారా? అలా అయితే చెప్పు, రేపు అదే చెప్తాను! మనకి మిగిలిన దారి అదొక్కటే!"

"వాళ్లు అప్పటికింకా ఆ కొండ ఎక్కనే లేదు. వదిలెయ్ తల్లీ."

"ఊరికి తాగే నీళ్లు పోతుంటే వదిలెయ్యమంటావా? ఎవర్ని కాపాడుతున్నావు? మామయ్యనా? ఆ కంపెనీలో పనికి చేరాడని ఆయన్ని వెనకేసుకొస్తున్నావా?"

"మీ మామయ్యకి ఫెర్న్‌కీ కొత్తిమీరకీ తేడా తెలీదు. అరవకు, బయట వాళ్లు వింటారు."

"విననీ! ఎవరు పీకారు నాన్నా? నాకు చెప్పవా? నాకు కూడానా?"

"నీకే చెప్పకూడదనుకున్నాను."

"చెప్పు!"

"నువ్వు కాలేజీలో చేరిన ఏడాది, ఎండబెట్టి అట్టకి అంటించడానికి ఉత్త ఆకు తెస్తే కుదరదు, వేళ్లతో సహా ఉండాలని మీ టీచర్లు అన్నారని, నీకూ నీ స్నేహితురాళ్లకూ కలిపి అక్కడున్న ఫెర్న్ మొదళ్లన్నీ తవ్వి గోనెసంచిలో పట్టుకెళ్లావు కదమ్మా. మళ్లీ మొలుస్తాయేమోనని రోజూ వెళ్లి చూశాను, మొలవలేదు. సెలవులకొచ్చినప్పుడు నీకు బోడి గట్టు కనబడకూడదని నర్సరీకి వెళ్లాను."