కొండ మంచును మింగిన ఫిల్టర్

థాయ్‌లాండ్‌లో మా ఊరు లోమ్ కావో. అక్కడ కొండ మొదట్లో లమ్యై అత్త కాఫీ బడ్డీ ఉంది. రోడ్డుకి అటుపక్క ఇంజన్లకి ట్యూనింగ్ చేసే షాపు. ఆ పొద్దున నా పికప్ ఆ షాపు ముందే ఆగి ఉంది. ఇంజన్‌కి గాలి అందించే పాత డబ్బా పీకించి పెద్ద గాలి ఫిల్టర్ పెట్టించాలి, ఇంజన్ ట్యూనింగ్ మార్పించాలి, ఇదీ నా తాపత్రయం. మర్నాటి నుంచి కొండ మీది క్యాబేజీ నా బండిలో దిగాలి. వెనక రెండు టన్నుల సరుకు, ముందు సీట్లో నా పక్కన నా భార్య నువాన్, వాళ్లమ్మ. చిన్న ఫిల్టరా, పెద్దదా తేల్చుకోలేక షాపతన్ని కాసేపు ఆగమని బడ్డీకి వచ్చి, నా ఖర్మ కాలి, క్యాబేజీ బండి తోలే ఉదోమ్ బాబాయ్ పక్కన కూర్చున్నాను.

"ఫిల్టర్ సంగతి నన్నడగాలిరా విటూన్, షాపు వాణ్ణి అడిగితే వాడికేం తెలుసు?" అంటూ బాబాయ్ స్టూలు నా వైపు జరుపుకున్నాడు. "నేను ఎక్కువ తక్కువలు చెప్పను, ఉన్నదున్నట్టు చెప్తా. మూడేళ్ల కిందట, ఇదే చలికాలం, ఇదే షాపు, అన్నిట్లోకీ పెద్ద ఫిల్టర్ పెట్టించా. నా బండి తెలుసుగా, నల్లది."

"అద్దం మీద 'ఈ బండి ఎర్రది' అని రాయించావు, అదేగా?" అంది లమ్యై అత్త కాఫీ వడపోస్తూ.

"జ్యోతిష్కుడు నాకు నలుపు పడదన్నాడు మరి, ఏం చెయ్యను? సరే, ఫిల్టర్ పెట్టించుకుని అందరూ ఏం చేస్తారు? ఇంటికిపోతారు. నేను బండిని నేరుగా ఆరామానికి తోలుకెళ్లా. పెద్ద భిక్షువుగారు సీటు మీద పైకప్పుకి తెల్ల గంధం బొట్లు పెట్టబోయారు. అయ్యా, కప్పుకి పెడితే ఏం లాభం, బండికి ప్రాణం ముక్కులో ఉంటుంది అని బానెట్ ఎత్తి ఫిల్టర్ చూపించా. ఆయన నవ్వి మూడు బొట్లు పెట్టారు. మూడేం సరిపోతాయి? మిగిలిన గిన్నెడు గంధం నేనే దట్టంగా పూసి, మంత్రజలం చల్లి, బండిలో ఉండి కాపాడే దేవత తల్లికి ఎర్ర సోడా నైవేద్యం పెట్టి, పూలదండ కట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది బాబాయ్?"

"మొదట పెద్దగా ఏం లేదు. వెనక ఎరువు బస్తాలున్నా మూడో గేరు దించకుండా కొండెక్కేసింది. దారిలో ఎండుటాకులు తమంతట తాము లేచి బానెట్ కిందకి దూరిపోతున్నాయి. గాలి బాగా లాగుతోంది, డబ్బులకి న్యాయం జరిగింది అనుకున్నా. రెండో మలుపులో ఓ కోడి రోడ్డు దాటుతోంది. నేను దాన్ని గుద్దలేదు, బుద్ధుడి మీద ఒట్టు! నాలుగు మీటర్ల దూరంలో ఉండగానే అది నా బండి వైపు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కాళ్లు ముందుకి, ఒళ్లు వెనక్కి. ఫిల్టర్ కోడిని వదిలేసింది గానీ ఈకల్ని వదల్లేదు. సైలెన్సర్‌లోంచి ఈకలు, ఈకలు! ఓ దిండుకి సరిపోయాయి."

"ఆ దిండు మీదే పడుకుంటున్నావా ఇప్పుడు?" అన్నాడో డ్రైవరు. అందరం నవ్వాం. బాబాయ్ నవ్వలేదు.

"నవ్వండి నాయనా, నవ్వండి. అసలు కథ దిగేటప్పుడు ఉంది. పైన క్యాబేజీ నింపి తాళ్లు బిగించేసరికి మంచు కమ్మేసింది. బ్యాంకాక్ నుంచి జనం వచ్చి ఫోటోలు తీసుకునే మంచు. నేను తాళం తిప్పా. గుర్రుమని ఒక్క పీల్పు! లోయలోంచి మంచంతా తెల్ల చీర లాగినట్టు లేచొచ్చి నా బానెట్‌లో పడింది. కొండ బోడిగా మిగిలింది. ఫోటోల వాళ్లు ఫోన్లు పట్టుకుని నోళ్లు తెరుచుకు నిలబడ్డారు. ఒకాయన విగ్గు కూడా పోయింది, అది వేరే సంగతి."

"ఆపవయ్యా, మా చెవుల్లో పూలు పెట్టడానికి పొద్దున్నే మేమే దొరికామా?" అంది అత్త.

"నీకు పూలు పెట్టాల్సిన అవసరం నాకేంటి? విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడి మలుపు వచ్చింది." ఇక్కడ బాబాయ్ గొంతు కొంచెం తగ్గింది. ఆ మలుపులో, కొండని కాచే దేవుడు తాతయ్యకి చిన్న గూడు ఉంది. మూడుసార్లు హారన్ కొట్టి, దణ్ణం పెట్టి కదలాలి. మా వాళ్లెవరూ అది మర్చిపోరు. మర్చిపోయినవాళ్ల బళ్లు కింద లోయలో తుప్పు పట్టి కనిపిస్తాయి. "హారన్ కొట్టా. చప్పుడు రాలేదు. మళ్లీ కొట్టా. లేదు. చెయ్యి హారన్ మీదే ఉంది, కానీ చప్పుడు పుట్టింది పుట్టినట్టే లోపలికి పోతోంది, ఫిల్టర్‌లోకి. తాతయ్యకి వినపడలేదు! పై ప్రాణాలు పైనే పోయాయి. తాతయ్యా, మొక్కా నేను, మొక్కా అని అరిచా. నా అరుపు కూడా పోయింది. నోరు తెరిచే ఉంది, గొంతు నరాలు ఉబ్బే ఉన్నాయి, చప్పుడు లేదు."

డ్రైవరు గ్లాసు కింద పెట్టేశాడు. ఇంతలో పక్క షెడ్డులోంచి సంగ్వాన్ పిన్ని వచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ గుంజకి ఆనుకుని నిలబడింది. బ్రేకుల పని చేసేది ఆవిడే. షెడ్డు పనితో పాటు ఒకప్పుడు ఆవిడా కొండ మీంచి క్యాబేజీ తోలింది. బాబాయ్ ఆవిణ్ణి చూళ్లేదు.

"ఇంజన్ చప్పుడు పోయింది. టైర్ల చప్పుడు పోయింది. వేగం ముల్లు ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు మొదలెట్టింది. అద్దానికి కట్టిన తాయెత్తులన్నీ నేలకి సమాంతరంగా ముందుకి లేచి నిలబడ్డాయి. నా బండి నీడ రోడ్డు మీద పక్కనే పరిగెడుతూ ఉండేది కదా, అది సాగి సాగి చక్రాల కిందనుంచి బానెట్‌లోకి పోయింది. ఎండలో నీడ లేని బండి! చివరికి నా ఊపిరి వంతు వచ్చింది. నేను వదిలిన గాలి నాకు తిరిగి రావట్లేదు. బ్రేకు తొక్కా. ఎంత తొక్కినా కాలు కిందకే పోతోంది, కిందకే పోతోంది. వెనక్కి చూస్తే మిగతా క్యాబేజీ బళ్లు, టెలిఫోన్ స్తంభాలు, చెట్లు, తాతయ్య గూడు, వెనకాలే కొండ. కొండంతా నా వెనక దిగొస్తోందిరా!"

 ఆయన చేతిలో కాఫీ తొణికి ప్యాంటు మీద పడినా చూసుకోలేదు. నమ్మకపోయినా నేను స్టూలు అంచుకి జరిగాను. ఆ గుడి మలుపు నేనూ చూసిందే.

"మరి ఎలా ఆగింది బాబాయ్?"

"ఎలా ఆగిందంటే, నేను ఒక్క ఉదుటున కిటికీలోంచి బయటికొచ్చి, బానెట్ మీద పడుకుని, ఫిల్టర్‌కి నా వీపు అడ్డం పెట్టి..."

"ఆపు అన్నా," అంది సంగ్వాన్ పిన్ని.

బాబాయ్ ఉలిక్కిపడి తిరిగాడు.

"ఆ రోజు నీ వెనక మొదటి బండి నాదే. నీ బండి ఏమీ పీల్చలేదు. దానికి ఊపిరే ఆడలేదు. నువ్వు పూసిన గంధం మంచుకి తడిసి, ముద్దై, గాలి కొలిచే సన్న తీగకి పట్టేసింది. గాలి ఎంత వస్తోందో తెలియక ఇంజన్ ముడుచుకుపోయింది. గంటకి పన్నెండు కిలోమీటర్లు! నీ వెనక పదిహేడు బళ్లం వరస కట్టాం. నేను మా చెల్లికి స్టీరింగ్ ఇచ్చి, దిగి, నీ కిటికీ పక్కన నడుస్తూ మాట్లాడా. నువ్వు రెప్ప వేయలేదు, నోట్లోంచి మాట రాలేదు. కింద నా షెడ్డులో పాత పళ్ల బ్రష్షుతో ఆ గంధం నేనే గీకా."

బడ్డీ అంతా ఘొల్లుమంది. డ్రైవరు బల్ల చరిచి మరీ నవ్వాడు. పిన్ని మాత్రం నవ్వలేదు.

"ఇంకా అవలేదు. గీకాక చక్రాలు కూడా విప్పా. ముందు బ్రేకు ప్యాడ్లు రెండు పక్కలా పూర్తిగా అరిగిపోయాయి. బ్రేకు నూనె అడుగంటింది. మార్చుకోమని నెల ముందే చెప్పాను. 'బండి కొండెక్కలేకపోతోంది సంగ్వాన్, ముందు గాలి సంగతి చూడనీ' అన్నావు. ఆ ఫిల్టర్ నువ్వు చెప్పినట్టు పనిచేసుంటే, అన్నా, మేం ఆ మలుపులో నీకు దండ వేసేవాళ్లం."

 లమ్యై అత్త స్టవ్ తగ్గించింది.

బాబాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "బ్రేకు మాత్రం నిజంరా విటూన్," అన్నాడు మెల్లగా. "గుడి మలుపులో తొక్కితే కాలు నేలకంటింది. గేరు మారిస్తే ఏమవుతుందోనని మార్చలేదు. మొదటి గేర్లో, ఇంజన్ పట్టు మీదే, అలా దేకుతూ దిగా. ఇంజన్ మొరాయించబట్టి బతికా. అప్పట్నుంచీ ఈ కథలో వేగం పెంచుతూనే ఉన్నా. ఎంత పెంచినా ఆ భయం మాత్రం పోవట్లేదు." నా వైపు తిరిగాడు. "నీ ప్యాడ్లు ఎప్పుడు మార్చావు?"

"బండి నాకు అమ్మినతను బాగున్నాయన్నాడు బాబాయ్."

"నువ్వు చూశావా?"

చూళ్లేదు. చూడాలని తట్టనే లేదు. ఎక్కేటప్పుడు ఎవరిని దాటాలా అన్న ధ్యాసే గానీ, నువాన్‌నీ వాళ్లమ్మనీ పక్కన కూర్చోబెట్టుకుని దిగాలన్న సంగతి నా బుర్రకి ఎక్కలేదు. 

బండిని షాపు ముందు నుంచి తీసి, సంగ్వాన్ పిన్ని షెడ్డులో పెట్టాను. ఉదోమ్ బాబాయ్ వెనకాలే వచ్చి జాకీ పట్టుకున్నాడు. పిన్ని ముందు చక్రం విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, ప్యాడ్ బయటికి తీసి నా అరచేతిలో పెట్టింది. మందం ఏమీ మిగల్లేదు, ఉత్త ఇనప రేకు. గోకుడు గీతలు పడి మెరుస్తోంది.

నువాన్‌కి ఫోన్ చేసి, రేపు కొండెక్కడం లేదని చెప్పాను.